ఎడమచేతివాటం ఊరు

నవాబు నిజానికి నవాబేమీ కాడు. నదికి అవతలి ఒడ్డున, పాత సత్రం అరుగు మీద టీ దుకాణం నడుపుకునే మనిషి. దుకాణం గోడకి వేలాడే ఒక బొమ్మ వల్ల అతనికి ఆ పేరు వచ్చింది.

ఆ బొమ్మ దాదాపు రెండువందల ఏళ్ల నాటిది. ఎక్కడినుంచో వచ్చిన చిత్రకారుడెవరో ఇవతలి ఒడ్డున గొడుగేసుకు కూర్చుని, ఎదురుగా కనిపిస్తున్న పాత ఊరిని గీసుకుపోయాడట. వాళ్ల దేశంలో ఇంకొకతను ఆ గీతని చూస్తూ రాగిరేకు మీద చెక్కాడు. రేకుకి సిరా పూసి కాగితాల మీద అచ్చులు తీశారు. అలాంటి అచ్చు ఒకటి చేతులు మారి మారి నవాబు తాతగారి చేతికొచ్చి, అప్పటినుంచీ టీ ఆవిరి పీలుస్తూ ఆ గోడ మీదే ఉండిపోయింది.

ఆ కాలపు చిత్రకారులకి ఉన్నది ఉన్నట్టు గీస్తే ముద్ద దిగేది కాదు కాబోలు. బొమ్మలో ఒకవైపు సూర్యుడు అస్తమిస్తుంటాడు, అప్పుడే ఇంకోవైపు నిండు చంద్రుడు వెలిగిపోతుంటాడు. వెనక, ఊళ్లో ఎవరి ముత్తాతా చూసి ఎరగని ఒక కొండ. కొండ మీద కూలిపోయిన కోట. ముందు ఒడ్డున రాయి మీద, జుట్టు గాలికి వదిలేసి, లోకంలోని బాధంతా తనదే అయినట్టు కూర్చున్న ఒక యువకుడు. కానీ మధ్యలో ఉన్న మసీదు మాత్రం అచ్చం మసీదే. పెద్ద గుమ్మటం, అటొకటి ఇటొకటి మీనార్లు, నీళ్లలోకి దిగే మెట్లు. మసీదుకి కుడిపక్క బారుగా ఒక కట్టడం ఉంది. దాని నెత్తి మీద ఒక పెద్ద గుమ్మటం, తల్లికోడి చుట్టూ పిల్లల్లాగా చిన్న చిన్న గుమ్మటాలు.

ఇవతలి ఒడ్డున నిలబడి చూస్తే మసీదుకి కుడిపక్కన ఉండేది సత్రం. ఇక అడగాలా.

"అది మా సత్రమండీ," అనేవాడు నవాబు కొత్తవాళ్ల చేతికి గ్లాసు అందిస్తూ. "ఒకప్పుడు మా నెత్తి మీద ఎన్ని గుమ్మటాలుండేవో లెక్కపెట్టుకోండి. టీ తాగడం అయ్యాకే పెట్టండి, చల్లారిపోతుంది."

ఇప్పుడు సత్రానికి ఉన్నది చదును కప్పు, దాని మీద నీళ్ల ట్యాంకులు. గుమ్మటాలేమయ్యాయని ఎవరైనా అడిగితే నవాబు చెయ్యి గాల్లో తిప్పి, "కాలం" అని ఊరుకునేవాడు.

బొమ్మకీ ఊరికీ ఇంకా కొన్ని చోట్ల పొత్తు కుదరదని అందరికీ తెలుసు. బొమ్మలో నది కుడి అంచున వంపు తిరుగుతుంది, ఊళ్లో ఎడమవైపు తిరుగుతుంది. బొమ్మలో కుడి మీనారు కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది, ఊళ్లో ఒరిగింది ఎడమ మీనారు. రెండువందల ఏళ్లలో నది దారి మార్చుకోదా ఏంటని పెద్దవాళ్లు తేల్చేశారు. మీనార్ల సంగతి నవాబు తేల్చాడు. "పాపం ఎంతకాలమని ఒరుగుతుంది. ఇది అలిసిపోయి నిటారుగా నిలబడింది, అది ఒరిగింది. కాపలావాళ్లు డ్యూటీ మారరా?" ఆ ఊరివాళ్లకి బొమ్మని తప్పుపట్టడం కంటే నదిని తప్పుపట్టడమే తేలికగా ఉండేది.

మసీదుకి ఎడమపక్కన ఉన్నది హమాం, ఊరి పాత స్నానశాల. దాన్ని చూసుకునేది నిదానం వాళ్ల అమ్మ.

నిదానం అంటే ఆ పిల్ల అసలు పేరు కాదు. ఇవతలి ఒడ్డున ఫోటోలకి చట్రాలు కట్టే మామయ్య, పాత కాగితాలు బాగుచేసే పని నేర్పిస్తూ పెట్టిన పేరు. గోరువెచ్చని నీళ్లలో కాగితం నానబెట్టి రమ్మంటే, అది నానేంతసేపూ పక్కనే నిలబడి చూసి వచ్చే మనిషి. మాట అడిగితే జవాబు తప్పకుండా వస్తుంది, కాకపోతే అడిగినవాళ్లు అప్పటికి వేరే ఊసులో పడి ఉంటారు. "నీ పెళ్లిచూపులకి వచ్చినవాడు నీ జవాబు వినేసరికి తాతయిపోతాడే," అని మామయ్య ఎగతాళి చేసేవాడు. నిదానం దానికి కూడా కాస్త ఆలోచించి, "అప్పుడు వాడికి ఓపికుందని తెలుస్తుంది కదా మామయ్యా," అంది ఒకసారి.

హమాం పైకప్పు ఎప్పుడో భూకంపంలో కూలింది. అది ఎలా ఉండేదో చూసినవాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు. అమ్మమ్మ కాలానికే ఇనుప రేకులొచ్చేశాయి. వేడినీళ్ల ఆవిరి పైకి పోయి రేకులకి తగిలి, చల్లటి చుక్కలై కిందికి దిగుతుంది. ఒళ్లంతా వెచ్చబడి కళ్లు మూసుకున్న ఆడవాళ్ల వీపు మీద టప్పున పడుతుంది. కెవ్వుమనడం, నవ్వుకోవడం, అమ్మని తిట్టడం, ఇదంతా రోజూ ఉండేదే. చీకటి వేరే. పగలు కూడా దీపం వేసుకోవాలి.

"ఏం హమామక్కా, మీ లోపల కూడా వానలు బాగా పడుతున్నాయా ఈ ఏడు?" అని నవాబు పలకరించేవాడు.

"పడుతున్నాయి నవాబుగారూ. మీ గుమ్మటాల్లో ఒకటి అప్పివ్వకూడదూ, తలమీద పెట్టుకుంటాను," అనేది అమ్మ.

ఈ ఏడు పాత కట్టడాల ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. రేకులు తీసేసి కప్పు వేయించడానికి డబ్బు మంజూరైందని చెప్పింది. అమ్మ మొహం వెలిగేలోపే రెండో మాట కూడా చెప్పింది.

"పాతది ఎలా ఉండేదో ఏదైనా బొమ్మగానీ, ఫోటోగానీ చూపించండి, అచ్చం అలాగే కట్టిస్తాం. లేదంటే చదును స్లాబు వేసెయ్యడమే. ఊహించి గుమ్మటం కట్టడానికి మాకు అధికారం లేదమ్మా. వచ్చే వారం మళ్లీ వస్తాను. వానలకి ముందే పని మొదలవ్వాలి."

ఆ సాయంత్రం అమ్మ నిదానం పక్కన కూర్చుని చాలాసేపు కాళ్లు ఒత్తుకుంది. "గుండ్రటి కప్పయితే ఆవిరి గోడల వెంట జారిపోతుందే. చదునుదైతే నా తర్వాత నువ్వొచ్చినా, నీ తర్వాత ఇంకెవరొచ్చినా ఆ చుక్కలు పడుతూనే ఉంటాయి. రేకులైతే ఎప్పటికైనా తీస్తారన్న ఆశైనా ఉండేది. స్లాబు వేశాక ఎవరు తీస్తారు?"

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నవాబు బొమ్మ. అందులో మసీదుకి ఎడమపక్క మూల నల్లగా ఉంటుంది, పొగ పట్టేసి. ఆ నలుపు కింద హమాం ఉండాలి కదా.

నవాబు మొదట బిగుసుకున్నాడు. "తాతల నాటిది అక్కా. గోడ బోసిపోతుంది."

"గోడకి నా ఫోటో ఇస్తాను, పెట్టుకోండి నాలుగు రోజులు," అంది అమ్మ.

"వద్దులెండి, టీలు అమ్ముడుపోవు." బొమ్మ దింపి తనే పాత దుప్పటిలో చుట్టి నిదానం చేతుల్లో పెట్టాడు. "అమ్మాయ్, కడిగేటప్పుడు మా గుమ్మటాలు జాగ్రత్త. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

"అలాగే బాబాయ్," అంది నిదానం.

మామయ్య పనిగదికి పెద్ద కిటికీ. కిటికీలోంచి నది, నదికి అవతల మసీదు, ఎడమపక్క హమాం రేకులు, కుడిపక్క సత్రం ట్యాంకులు. కిటికీ పక్కన లోతు తక్కువ తొట్టి, దాని పక్కన గాజు బల్ల, బల్ల కింద ట్యూబులైటు. గదంతా గంజి వాసన, కొత్త చెక్క వాసన.

మేకులు తీసి, వెనక అట్ట విప్పి, బొమ్మని చట్రంలోంచి బయటికి తీయడానికి మామయ్యకీ నిదానానికీ మధ్యాహ్నం దాకా పట్టింది.

నల్ల మూలలో పొగ లేదు. అసలక్కడ కాగితమే లేదు. పురుగు మూలంతా తినేస్తే, పూర్వం ఎవరో వెనక ముతక కాగితం అంటించి, కనబడకుండా దాని మీద ముదురురంగు పులిమేశారు. మసీదు ఎడమ మీనారు దాటాక ఇంక ఊరే లేదు.

"కడిగితే రంగు పోతుందేగానీ బొమ్మ రాదే," అన్నాడు మామయ్య. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రం వంతెన దాటి వెళ్లి నిదానం అమ్మకి చెప్పింది. అమ్మ తువాళ్లు మడత పెడుతోంది. మడత ఆపలేదు.

"పురుగుకి కూడా మన హమామే కావాల్సొచ్చిందా? ఆకాశమంతా వదిలేసి, కొండా కోటా వదిలేసి?" అని నవ్వింది. ఇంకో తువాలు తీసుకుంది. అది అప్పటికే మడతపెట్టిన తువాలు. దాన్ని విప్పి మళ్లీ మడిచింది. నిదానం అది చూసింది.

బొమ్మ మాత్రం కడగాలి. మాట ఇచ్చారు, పైగా అంత మురికితో తిరిగి గోడకెక్కించడం మామయ్య ఇంటా వంటా లేదు. మర్నాడు పొద్దున్నే నిదానం సిరా కదులుతుందో లేదో తడి దూదితో ఒక మూల అద్ది చూసింది. కదల్లేదు. పల్చని వల మీద బొమ్మని పడుకోబెట్టి, రెండు చేతులతో వలని పట్టుకుని తొట్టిలోకి దింపింది. తడి కాగితాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలని మామయ్య మొదటిరోజే చెప్పాడు. తల వేలాడకూడదు, నడుము వంగకూడదు.

నీళ్లు కాసేపటికి టీ రంగులోకి తిరిగాయి. నవాబు దుకాణంలో ఎన్ని తరాల టీలో. ఆ నీళ్లు పారబోసి కొత్తవి పోసింది. మళ్లీ పోసింది. మెల్లిమెల్లిగా బొమ్మలోంచి మనుషులు బయటికి వచ్చారు. ఇన్నాళ్లూ మెట్ల మీద మురికి మచ్చల్లా ఉన్నవాళ్లు, చీమ తలంత మొహాలతో, టోపీలతో, బుట్టలతో.

కడిగాక ఇంకొక పని ఉంది. కాగితం ఎక్కడెక్కడ పల్చబడిందో తెలిస్తేనే అక్కడ అతుకులు వెయ్యగలరు. తడి కాగితంలోంచి వెలుతురు బాగా దిగుతుంది కనుక, వలతో సహా బొమ్మని గాజు బల్ల మీద బోర్లా పరిచి, కింద లైటు వేసి, వీపువైపు నుంచి వెతుకుతారు. నిదానం లైటు వేసింది.

బొమ్మ వీపులోంచి ఊరు వెలిగింది.

నిదానం పల్చని చోట్లు వెతకడం మొదలుపెట్టింది. పెన్సిలుతో పక్క కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ కొంతదూరం వెళ్లింది. మెడ నొప్పి పుట్టి తలెత్తి కిటికీలోంచి చూసింది. మళ్లీ తల దించింది. ఏదో తేడాగా ఉంది. కాదు, ఏ తేడా లేదు. అదే తేడా.

నది ఎడమవైపు వంపు తిరుగుతోంది. కిటికీలో ఎలా తిరుగుతోందో అలాగే. ఎడమ మీనారు ఒరిగి ఉంది. కిటికీలో ఎంత ఒరిగి ఉందో అంతే. ఆ ఒరిగిన మీనారు పక్కన, సరిగ్గా అమ్మ రేకులు ఎండకి మెరుస్తున్న చోట, ఒక పెద్ద గుమ్మటమూ దాని పిల్లలూ.

ఇంకొకరైతే కేక పెట్టి ఉండేవాళ్లే. నిదానం కుర్చీ లాక్కుని కూర్చుంది. మళ్లీ కిటికీ చూసింది, బల్ల చూసింది. భూతద్దం తీసుకుని మెట్ల మీది మనుషుల్ని ఒక్కొక్కర్నీ పలకరించింది. అప్పుడు లేచి, ముందుగదిలో చెక్క కోస్తున్న మామయ్య దగ్గరికెళ్లి నిలబడింది.

"మామయ్యా, ఒకసారి రా."

"రంపం మధ్యలో ఉంది. ఆగు."

ఆగింది. చెక్క తెగి కిందపడేదాకా అలాగే నిలబడింది.

"ఇంత తీరిగ్గా నిలబడ్డావంటే పెద్ద విషయమేం కాదన్నమాట," అన్నాడు మామయ్య పొట్టు దులుపుకుంటూ. "ఊరు తలకిందులైనా నువ్వు ఇలాగే నిలబడతావు."

"తలకిందులు కాలేదు మామయ్యా. కుడి ఎడమైంది."

మామయ్య బల్ల మీదికి వంగాడు. కిటికీ వైపు తిరిగాడు. మళ్లీ వంగాడు. కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు. ఆ తర్వాత బల్ల కొట్టబోయి, మీద తడి కాగితం ఉందని గుర్తొచ్చి తన తొడ కొట్టుకున్నాడు.

"దొంగ వెధవ. తిరగేసి చెక్కడం మర్చిపోయాడే."

రేకు మీద ఏది చెక్కినా కాగితం మీద అది అటుదిటవుతుంది, రబ్బరు ముద్రలాగే. అందుకే చెక్కేవాళ్లు అసలు గీతని అద్దంలో చూస్తూ చెక్కుతారు. వీడెవడో తొందరలో ఉన్నాడో, అద్దం పగలగొట్టుకున్నాడో, ఉన్నది ఉన్నట్టు చెక్కేశాడు. తను ఆ ఊరు చూసినవాడు కాదు, కొన్నవాళ్లూ చూసినవాళ్లు కారు. ఎవరికి తెలుస్తుంది?

"మరి కింద రాసిన అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి కదా మామయ్యా?"

"అక్షరాలు చెక్కడానికి వేరే పనివాడుండేవాడు. వాడు తన పని సరిగ్గా చేశాడు. అది చూసే ఇన్నేళ్లూ అందరం బొమ్మ కూడా సరిగ్గానే ఉందనుకున్నాం."

"ఇంకోటి చూడు," అని నిదానం వలని పట్టుకుని కాగితాన్ని జాగ్రత్తగా మొహంవైపు తిప్పి, భూతద్దం ఇచ్చింది. "మంగలి."

మెట్ల మీద మంగలి ఒకతనికి గడ్డం గీస్తున్నాడు. కత్తి ఎడమచేతిలో ఉంది. గొడుగు కింద కూర్చున్న లేఖకుడు ఎడమచేత్తో రాస్తున్నాడు. బెస్తవాడు ఎడమచేత్తో వల విసురుతున్నాడు. పడవ అంచున కూర్చున్న లావుపాటి మనిషి ఎడమచేత్తో తృప్తిగా భోంచేస్తున్నాడు.

"ఓరి నీ..." మామయ్య నవ్వడం మొదలుపెట్టి ఆపలేక కుర్చీలో కూలబడ్డాడు. "ఊరు ఊరంతా ఎడమచేతివాటమే. వీళ్లమ్మలు ఎవరూ వీళ్లని కసరలేదా?"

అమ్మకి చెప్పడం తేలికే అయింది. విన్నది, నిదానం మొహాన్ని తడి చేతులతో పట్టుకుంది, తర్వాత లోపలికెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక అడిగిన మొదటి మాట, "నవాబుకి ఎవరు చెప్తారు?"

చెప్పకుండా ఇంజనీరమ్మకి చూపించడం కుదరదు, బొమ్మ అతనిది. చివరికి అతన్నే పనిగదికి పిలిచారు. నవాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, శుభ్రపడిన తన గుమ్మటాల్ని చూసుకోవడానికి వచ్చాడు. బొమ్మ తడి పీల్చే అద్దుడు కాగితాల మధ్య ఆరుతోంది. పై కాగితం ఎత్తి, నిదానం ఒక చేతి అద్దం పక్కన పట్టుకుని, మాట తక్కువగా, వేలితో ఎక్కువగా చూపించింది.

నవాబు అద్దంలోకి చూశాడు, కిటికీలోంచి చూశాడు. మీసం సవరించుకోబోయిన చెయ్యి సగంలో ఆగిపోయింది.

"అయితే మా సత్రం ఏది?"

"ఆ మూలలో, బాబాయ్. పురుగు తినేసిన చోట."

"పురుగు తిన్నది మా సత్రాన్నా?" అని, మళ్లీ అద్దంలోకి తొంగిచూసి, "గుమ్మటాలతో సహా?"

సత్రానికి గుమ్మటాలున్నాయో లేవో ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. ఉండకపోవచ్చుననే అందరికీ తోచింది, నవాబుకి కూడా.

"నా బొమ్మ నాకిచ్చెయ్యండి," అన్నాడు. "గోడ బోసిగా ఉంది."

"ఆరకుండా కదిలిస్తే ముడతలు పడుతుంది బాబాయ్."

"అయితే ఆరాక ఇవ్వండి. ఎవరికీ చూపించొద్దు," అనేసి వెళ్లిపోయాడు. ఆ రోజు టీ దుకాణం మధ్యాహ్నానికే మూసేశాడు. అలవాటుగా వచ్చినవాళ్లు మూసిన తలుపు ముందు నిలబడి, ఎవరు పోయారోనని వాకబు చేశారు.

"బతిమాలదామా?" అన్నాడు మామయ్య అమ్మతో. "లేకపోతే నేనొక ఫోటో తీసి పెట్టనా?"

"వద్దన్నయ్యా. అతని వస్తువు అతను వద్దంటే వద్దు. దొంగచాటుగా వచ్చిన గుమ్మటం కింద నాకు నీళ్లు పోసుకోబుద్ధి కాదు," అంది అమ్మ. కానీ మర్నాడు నిదానాన్ని వెంటబెట్టుకుని టీ తాగడానికి వెళ్లింది. ఇంజనీరమ్మ వచ్చేది ఆ పైరోజే.

నవాబు రెండు గ్లాసులు పెట్టాడు. చక్కెర మర్చిపోయాడు. అమ్మ ఊదుకుంటూ సగం తాగాక అంది:

"నవాబుగారూ, ఒక మాట అడుగుతాను. ఈ బొమ్మ ఇన్నేళ్లూ మా ఇంట్లో ఉండుంటే ఏమయ్యేది?"

"ఏమయ్యేది?"

"ఆ ఆవిరికి ఒక్క ఏడాదిలో ముద్దయిపోయేది. మా అమ్మయితే పొయ్యి ముట్టించడానికి వాడేసేది. నా గుమ్మటాల్ని ఎండకి ఎండకుండా వానకి తడవకుండా మూడు తరాలు దాచిపెట్టింది ఎవరు? మీ తాత, మీ నాన్న, మీరు. రోజూ పదిమందికి చూపించి మరీ దాచిపెట్టారు. ఇంట్లో వాళ్లు కూడా అంత జాగ్రత్తగా చూసుకోరు. నేను బొమ్మ ఇమ్మని అడగడానికి రాలేదు. ఆ మాట చెప్పకుండా ఉండడం బాగుండదని వచ్చాను."

నవాబు గుడ్డ తీసుకుని శుభ్రంగా ఉన్న బల్లనే మళ్లీ తుడిచాడు.

"చక్కెర వెయ్యలేదు నేను," అన్నాడు చివరికి.

"తెలుసు."

"చెప్పొచ్చు కదా అక్కా."

"మీ మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు."

అతను చక్కెర వేసి, గ్లాసు తనే కలిపిచ్చాడు. బొమ్మ ఊసు మాత్రం ఎత్తలేదు. ఇంటికొస్తూ అమ్మ, "పోనీలే, స్లాబైతే పైన తువాళ్లు ఆరేసుకోవచ్చు," అంది. నిదానం దారి పొడుగునా ఆలోచించి, ఇల్లు చేరేముందు అంది: "టీ డబ్బులు తీసుకోలేదమ్మా. ఎప్పుడూ తీసుకుంటాడు."

ఇంజనీరమ్మ వచ్చింది. హమాం ముందుగదిలో మేస్త్రీతో నిలబడి, చేతిలో కాగితాలు తిరగేస్తూ, "ఏమైనా దొరికిందామ్మా?" అని అడిగింది. అమ్మ నోరు తెరిచేలోపే వాకిట్లోంచి గొంతు వినిపించింది.

"జరగండి, జరగండి. పాత వస్తువు వస్తోంది."

నవాబు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన మీసం, గుండెలకి హత్తుకున్న బొమ్మ. వెనకాలే రొప్పుతూ మామయ్య. పొద్దున్నే వచ్చి పనిగది తలుపు కొట్టి, ఆరిందా లేదా అని అడిగి, ఆరిందనగానే లాక్కుని బయల్దేరాడట. చట్రం కూడా బిగించనివ్వలేదు, అట్టకి ఆనించి కట్టించుకున్నాడంతే.

"మేడమ్," అన్నాడు నవాబు, "ఈ ఊరి గుమ్మటాలకి ఆధారం కావాలంటే ఇంకెక్కడా దొరకదు. మా సత్రంలోనే ఉంటుంది."

చెక్కినవాడు కుడి ఎడమలు తారుమారు చేశాడని చెప్పి, బట్టలు మార్చుకునే గదిలోని నిలువుటద్దం ముందు బొమ్మని పట్టుకుని నిలబడ్డాడు. ఇంజనీరమ్మ బొమ్మ చూసింది, అద్దంలో చూసింది, కనుబొమలు ముడిచింది.

"అద్దంలో పెడితే ఏ బొమ్మైనా తిరగబడుతుంది కదండీ. ఇది తప్పుగా చెక్కారని నేను ఆఫీసులో ఎలా చెప్పాలి?"

నవాబు మామయ్యని చూశాడు. మామయ్య నిదానాన్ని చూశాడు. అందరూ నిదానాన్ని చూశారు. ఆ పిల్ల సంచీలోంచి భూతద్దం తీసి ఇంజనీరమ్మకి అందించింది. తొందరపడకుండా అంది:

"మెట్ల మీదివాళ్ల చేతులు చూడండి మేడమ్."

ఇంజనీరమ్మ వంగింది. మంగలి దగ్గర కాసేపు, లేఖకుడి దగ్గర కాసేపు ఆగింది. లావుపాటి మనిషి దగ్గరికొచ్చేసరికి భుజాలు ఊగాయి. తలెత్తేసరికి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతోంది.

"మా ఊళ్లో ఎడమచేతివాటం మనిషి ఒక్క దర్జీయే మేడమ్," అన్నాడు నవాబు గంభీరంగా. "అతను కూడా భోజనం దగ్గర మాత్రం తప్పు చెయ్యడు."

ఆ తర్వాత ఇంజనీరమ్మ, మేస్త్రీ నిచ్చెన వేసుకుని గోడల మీదికెక్కారు. రేకుల అంచులు ఎత్తి, కింద పేరుకున్న మట్టి గోకారు. పెద్ద గది మీద గుండ్రంగా పాత ఇటుకల వరస బయటపడింది. దాని చుట్టూ ఇంకా చిన్న చిన్న వలయాలు, బొమ్మలో పిల్ల గుమ్మటాలు ఎక్కడెక్కడున్నాయో అక్కడక్కడే. పైనుంచి మేస్త్రీ, "ఉన్నాయమ్మా, అన్నీ ఉన్నాయి, కూర్చోవడానికి పీటలు వేసి పెట్టినట్టున్నాయి," అని అరిచాడు.

కిందికి దిగాక ఇంజనీరమ్మ చేతుల దుమ్ము దులుపుకుని కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసింది. "స్లాబు లేదు. గుమ్మటాలే," అంది అమ్మతో.

"మేడమ్, చిన్న మనవి," అన్నాడు నవాబు. "ఆధారం ఎవరి దగ్గర దొరికిందో కూడా అందులో రాస్తారా? సత్రం అని రాస్తే చాలు. నా పేరు కూడా రాస్తానంటే కాదనను."

రేకులు తీసే పని వెంటనే మొదలైంది. ఆ రోజు స్నానాలు లేవని చెప్పినా ఆడవాళ్లు సగం వీధి వచ్చి చూస్తూ కూర్చున్నారు. నవాబు వాకిట్లో నిలబడి, తన పొయ్యి తెచ్చుకుని, అందరికీ టీలు పోస్తూ, పైనున్న మేస్త్రీకి సలహాలిస్తున్నాడు. "ఆ పెద్దదాన్ని కాస్త గొప్పగా కట్టండి. బొమ్మలో నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, నాకు తెలుసు దాని వంపు."

"మీదేం కాదు కదా," అంది ఎవరో ముసలావిడ.

"నాది కాదు. కానీ నాకంటే ఎక్కువ చూసినవాళ్లెవరు?"

నిదానం లోపల, వేడినీళ్ల గది మూలన అమ్మ పక్కన నిలబడి ఉంది. నలువైపులా చీకటి, తలమీద సుత్తి చప్పుళ్లు. మేకులు ఒక్కొక్కటీ ఊడుతున్నాయి. ఒక రేకు ముందు వణికింది, కీచుమని పక్కకి జరిగింది, మేస్త్రీ మనుషులు దాన్ని ఎత్తి అవతల పడేశారు.

ఆకాశం ఒక్కసారిగా గదిలోకి దిగింది. రాళ్ల నేల అసలు రంగు బూడిద కాదు, లేత గులాబీ. పుట్టి బుద్ధెరిగాక ఇద్దరూ అది మొదటిసారి చూస్తున్నారు. అమ్మ చెప్పులు విడిచి, ఎండ పడిన చోటికి నడిచి వెళ్లి, దాని మధ్యలో నిలబడింది. తల పైకెత్తి కళ్లు చికిలించింది.

"ఇలా రావే," అంది నిదానంతో. "వెచ్చగా ఉంది."

నిదానం ఆ రోజు ఆలోచించలేదు. పరుగెత్తింది.